వానాకాలం పంపు కాంట్రాక్టు: రేటు ఎలా మాట్లాడుకోవాలి?

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలోని మన శాఖల ప్రాంగణాల పనులు చూస్తుంటాను. ఇక్కడ చాలా వాణిజ్య భవనాలకు బేస్‌మెంట్ ఉంటుంది. అందులో పాత రికార్డులో, యూపీఎస్ బ్యాటరీలో, కొన్నిచోట్ల లాకర్లో ఉంటాయి. అందుకే ఏప్రిల్ దాటగానే శాఖల నుంచి ఒకటే ప్రశ్న: నీళ్లు తోడే కాంట్రాక్టరుతో ఒప్పందం ఎలా రాసుకోవాలి?

2024 జూన్ 28 ఉదయానికి సఫ్దర్‌జంగ్‌లో 24 గంటల్లో 228.1 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అక్కడ జూన్ నెల మొత్తానికి సాధారణ వర్షపాతం 74.1. నెల తిరగకుండానే, జులై 27న, ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం బేస్‌మెంట్‌లోకి నీరు చొచ్చుకొచ్చి, సివిల్స్‌కు చదువుతున్న ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

రేటు మాట్లాడుకునే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది, పిలిచినప్పుడల్లా ఇంతని. రెండోది, సీజన్ మొత్తానికి గుత్త. అమెరికా, కెనడాల్లో దుకాణాల ముందు మంచు ఎత్తేవారి ఒప్పందాలూ ఇలాగే ఉంటాయి. ఆకాశం మీద పందెం ఎవరు కాయాలన్నదే రెండుచోట్లా అసలు బేరం.

ఉదాహరణకు పిలుపుకు రూ.6,000, గుత్తకు రూ.60,000 అనుకుందాం. పదిసార్లకు మించి పిలిస్తే గుత్త లాభం. లెక్క ఇంతే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. కుండపోత రోజున కాంట్రాక్టరుకు ఊరంతా ఫోన్ చేస్తుంది; ఎక్కువ ఇచ్చేవారి దగ్గరికే పంపు వెళుతుంది. గుత్తలో మరో చిక్కు: వచ్చినా రాకపోయినా అతనికి అందేది అంతే.

నేను మొగ్గేది మూడో పద్ధతికి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా పంపు, పైపులు మన ఆవరణలోనే ఉంచినందుకు స్థిరమైన అద్దె, నడిచినప్పుడు గంటకు ఇంతని. అద్దె రూ.20,000, గంటకు రూ.500, అంచనా 60 గంటలు అనుకుంటే మొత్తం రూ.50,000. టెండరులో ఎల్-1ను ఈ మొత్తం మీదే తేల్చాలి. అద్దె ఒక్కటే చూస్తే, దాన్ని తక్కువ వేసి గంట రేటులో రాబట్టుకుంటారు. గంటల లెక్క పంపు మీటరు ప్రకారం ఉండాలి. కరెంటు పోతే డీజిల్ ఎవరిదో కూడా రాసుకోవాలి, గొడవలన్నీ అక్కడే.

లాకర్లున్న శాఖలకు ఇంకో మాట. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 18 నాటి ఆదేశాల ప్రకారం వరదల వంటి ప్రకృతి వైపరీత్యాల వల్ల లాకర్లోని వస్తువులకు జరిగే నష్టానికి బ్యాంకు బాధ్యత వహించదు. కానీ మన నిర్లక్ష్యం ఉంటే ఆ మినహాయింపు నిలవదు. ప్రాంగణాన్ని కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. తీసుకున్నామని చూపడానికి ఈ ఒప్పందం, పంపు పరీక్షించిన రిజిస్టరు పనికొస్తాయి.

టెండరు పని మే నెలలోపు ముగించండి. జూన్‌లో మొదలుపెడితే రేటు మాట అటుంచి, పంపే దొరకదు.