బండి కదలదు... డీజిల్ కరిగిపోతుంది!

మీటరు మీద ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. ట్యాంకులో డీజిల్ మాత్రం తగ్గిపోతూనే ఉంటుంది. గోడౌన్ గేటు ముందు లైన్లో ఉన్న లారీ, ఐటీ కంపెనీ బయట ఏసీ వేసుకుని ఎదురుచూసే క్యాబ్, స్కూలు వదిలే టైముకి ముందే వచ్చి నిలబడ్డ బస్సు... అన్నీ చేసేది ఒకటే పని. ఉన్నచోటే ఇంజిన్ తిప్పుతూ కూర్చోవడం. దీన్నే ఐడ్లింగ్ అంటారు.

"ఆ కాస్తలో ఏం పోతుందిలే" అంటారు చాలామంది. ఆ కాస్త ఎంతో లెక్కేసి చూద్దాం. ఎందుకంటే ఈ లెక్క తేలకపోతే, చివరికి ఆ మాట పడేది డ్రైవరే.

గంటకి ఎంత తాగుతుంది?

పెద్ద లారీ ఇంజిన్ ఊరికే తిరిగితే గంటకి దాదాపు రెండు లీటర్ల డీజిల్ పోతుంది. ఇంజిన్ సైజుని బట్టి, ఏసీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఇది కాస్త అటూ ఇటూ అవుతుంది. లీటరు 95 రూపాయలు అనుకుంటే గంటకి 190 రూపాయలు. ఇంతే కదా అనిపిస్తుంది.

రోజుకి రెండు గంటలు ఇలా అనవసరంగా తిరిగిందనుకోండి. నెలలో 25 రోజులకి 50 గంటలు, అంటే 100 లీటర్లు. చేతిలోంచి 9,500 రూపాయలు జారిపోయినట్టే. ఇరవై లారీలున్న ఓనరుకి నెలకి లక్షా తొంభై వేలు, ఏడాదికి దాదాపు 23 లక్షలు! లీటరుకి నాలుగు కిలోమీటర్లిచ్చే లారీకి ఆ 100 లీటర్లతో 400 కిలోమీటర్లు లోడు లాగొచ్చు. పైగా లీటరు డీజిల్ మండితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చి చెప్పింది. ఆ పొగని అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువ పీల్చేది బండి చుట్టూ ఉండే డ్రైవరు, క్లీనరు, హమాలీలే.

ఎనిమిది లీటర్లు ఎక్కడ పోయాయి?

అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. మన దగ్గర చాలామంది లారీ ఓనర్లు డీజిల్‌ని కిలోమీటర్లతో లెక్కగడతారు. ఆర్టీసీలో కూడా డ్రైవరు పనితీరు చూసేటప్పుడు కేఎంపీఎల్, అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్నది ముఖ్యం. బండి నడుస్తున్నంతసేపూ ఈ లెక్క బాగానే ఉంటుంది. ఆగిన బండికే ఇది పనికిరాదు.

ఓ ఉదాహరణ చూడండి. 280 కిలోమీటర్ల ట్రిప్పు. లీటరుకి నాలుగు చొప్పున 70 లీటర్లు చాలు. కానీ లోడింగ్ దగ్గర రెండు గంటలు, అన్‌లోడింగ్ దగ్గర ఇంకో రెండు గంటలు ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. ఇంకో ఎనిమిది లీటర్లు తాగింది. మొత్తం 78. ఇప్పుడు మైలేజీ లెక్కేస్తే 3.6 కూడా రాదు. ఓనరు అడిగే మొదటి ప్రశ్న: "ఆ ఎనిమిది లీటర్లు ఎక్కడ అమ్మావ్?"

డ్రైవరు దగ్గర జవాబుండదు. రుజువు అంతకన్నా ఉండదు. బత్తాలో 760 రూపాయలు కోత పడుతుంది. డబ్బు పోతే పోయింది, మాట కూడా పోతుంది. డీజిల్ దొంగతనాలు ఈ ఫీల్డులో లేవని కాదు. కానీ తగ్గిన ప్రతి లీటరూ దొంగతనం కాదు. ఆ తేడా కనిపెట్టే సాధనం ఇప్పుడు చాలా కొత్త బండ్లలోనే ఉంది. జీపీఎస్ ట్రాకర్ రిపోర్టులో ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి, స్పీడు సున్నా ఉన్న టైమంతా విడిగా కనిపిస్తుంది. బండి ఎక్కడ, ఎంతసేపు అలా నిలబడిందో మ్యాపు మీదే తెలుస్తుంది. చాలామంది ఓనర్లు లొకేషన్ చూసి యాప్ మూసేస్తారు. అసలు విషయం ఆ పక్క పేజీలో ఉంటుంది.

ఇంజిన్‌కీ మంచిది కాదు

"మాటిమాటికీ సెల్ఫ్ కొడితే బ్యాటరీ పోతుంది, స్టార్టింగ్‌లో డీజిల్ ఎక్కువ తాగుతుంది" అన్నది పాత నమ్మకం. ఒకప్పటి బండ్లకి, వీకైపోయిన బ్యాటరీలకి అందులో కాస్త నిజముంది. బాగున్న ఇంజిన్ మాత్రం మళ్లీ స్టార్ట్ కావడానికి తాగే డీజిల్ చాలా తక్కువ. ఒకట్రెండు నిమిషాలు దాటి ఆగాల్సి వస్తే ఆపేయడమే లాభం.

ఊరికే తిరిగే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. డీజిల్ పూర్తిగా మండదు. మసి పేరుకుంటుంది, ఇంజిన్ ఆయిల్ త్వరగా పాడవుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఈ బాధ ఇంకా ఎక్కువ. పొగలోని మసిని పట్టే ఫిల్టరు శుభ్రపడాలంటే సైలెన్సర్ వైపు బాగా వేడి కావాలి. ఐడ్లింగ్‌లో ఆ వేడి రాదు. ఫిల్టరు మూసుకుపోతే షెడ్డు ఖర్చు వేలల్లో ఉంటుంది.

అయితే ఇంజిన్ ఆన్‌లో ఉంచక తప్పని సందర్భాలూ ఉన్నాయి. పొద్దున్నే ఎయిర్ బ్రేకులకి గాలి ఎక్కే దాకా ఆగాలి. లోడుతో ఘాట్ ఎక్కి వచ్చాక టర్బో చల్లబడటానికి కొద్ది నిమిషాలు తిరగనివ్వాలి. కాంక్రీటు మిక్సర్ బండిలో డ్రమ్ము తిరగాలంటే ఇంజిన్ కావాల్సిందే. వీటిని వృథా కింద రాస్తే మళ్లీ డ్రైవరుకే అన్యాయం.

నిద్ర కావాలా? డీజిల్ కావాలా?

ఇప్పుడో కొత్త చిక్కు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే, మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే లారీలకి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. మే నెల ఎండలో విజయవాడ ఆటోనగర్‌లో ఆగిన లారీ క్యాబిన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాబట్టి ఇది మంచి నిర్ణయమే. కానీ మామూలుగా ఏసీ నడవాలంటే ఇంజిన్ తిరగాలి. రాత్రంతా బండి నడిపిన మనిషి పగలు ఆరు గంటలు ఏసీలో పడుకుంటే పన్నెండు లీటర్లకు పైనే పోతుంది.

"ఏసీ ఆపి పడుకో" అని ఓనరు అనొచ్చు. నిద్ర చాలని డ్రైవరు మళ్లీ హైవే ఎక్కితే ఏమవుతుందో కూడా ఆయనే ఆలోచించాలి. దీనికి బయట దారులున్నాయి. బ్యాటరీతో నడిచే పార్కింగ్ ఏసీలు వస్తున్నాయి. హైవేల మీద కొన్ని పెట్రోలు బంకుల్లో డ్రైవర్ల కోసం 'అప్నా ఘర్' పేరుతో వసతి గదులు కట్టారు. లోడింగ్ పాయింట్ దగ్గర ఫ్యానున్న ఓ గది, మంచినీళ్లు ఉన్నా సగం ఐడ్లింగ్ తగ్గుతుంది.

న్యూయార్క్‌లో వీడియో తీస్తే డబ్బులు!

న్యూయార్క్ నగరంలో మూడు నిమిషాలకి మించి ఇంజిన్ ఊరికే తిప్పకూడదు. స్కూలు పక్కన అయితే ఒక్క నిమిషమే. లారీ, బస్సు లాంటి వాణిజ్య వాహనం రూలు తప్పితే మామూలు పౌరులు కూడా వీడియో తీసి ఫిర్యాదు చేయొచ్చు. జరిమానాలో 25 శాతం వాళ్లకే! మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2020 అక్టోబర్‌లో 'రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్' అని ప్రచారం చేసింది. అంతకుముందు 2017లో జీఎస్టీతో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్‌గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరైంది. రోడ్డు మీద ఆగే టైము తగ్గింది. గోడౌన్ గేటు ముందు ఆగే టైము మాత్రం అలాగే ఉంది.

మరి ఏం చేయొచ్చు?

మీ ఇంట్లో లారీ, టిప్పర్, స్కూలు బస్సు, క్యాబ్ ఏదున్నా ఈ నాలుగూ చేసి చూడండి.

• వారానికోసారి ట్రాకర్‌లో ఐడిల్ రిపోర్టు తీయండి. ఎవరు ఎక్కువ ఆన్‌లో ఉంచారన్నది తర్వాత. ముందు ఎక్కడ ఎక్కువ ఆగిందో చూడండి.

• ఒకే గోడౌన్ దగ్గర ప్రతిసారీ గంటలు పోతుంటే డ్రైవరుని తిట్టి లాభం లేదు. ఆ పార్టీని టైం స్లాట్ అడగండి. హాల్టింగ్ ఛార్జీలో డీజిల్ కూడా కలపండి.

• మైలేజీ లెక్కలోంచి తప్పనిసరి ఐడ్లింగ్ లీటర్లు తీసేయండి. మిగిలిన దాంట్లో ఆదా అయితే డ్రైవరుకి వాటా ఇవ్వండి.

• బ్యాటరీ, సెల్ఫ్ మోటారు మంచి కండిషన్‌లో ఉంచండి. మళ్లీ స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేకపోతే ఎవ్వరూ ఇంజిన్ ఆపరు.

క్యాబ్‌లో తిరిగేవాళ్లకి కూడా ఓ మాట. "రెండు నిమిషాల్లో వచ్చేస్తున్నా అన్నా" అని మెసేజ్ పెట్టి పావుగంటకి కిందకి దిగితే, ఆ పావుగంట డబ్బు పోయేది ఆ అన్న జేబులోంచే.