మీకు తెలుసా? గరిక చోట ప్లాస్టిక్ పచ్చిక

బాలుర క్రీడాస్థలములలో నేడు కానవచ్చు కృత్రిమపు పచ్చిక మొట్టమొదట విస్తారముగా పరచబడినది ఏ మహాక్రీడాంగణమునందో కాక, 1964లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరమున మోజెస్ బ్రౌన్ పాఠశాలయందని మీకు తెలుసా? మరుసటి యేడు హ్యూస్టన్‌లో పైకప్పుతో వెలసిన క్రీడాంగణమగు ఆస్ట్రోడోమ్‌లో నాటినది సహజమైన గడ్డియే. అదియు మనము వినాయకచవితికి గట్లవెంట ఏరితెచ్చు గరిక జాతిదే. పారదర్శక ఫలకములనుండి దిగు వెలుగునకు కన్నులు చెదరి ఆటగాండ్రు బంతిని పట్టజాలకపోగా, ఆ ఫలకములకు తెల్లరంగు పూసిరి. ఎండ కరవై గడ్డి చచ్చినది. చచ్చినదానికి పచ్చరంగు పూసి ఆ యేడు గడపిరి! 1966లో ప్లాస్టిక్ పచ్చిక అచటికి వచ్చి ‘ఆస్ట్రోటర్ఫ్’ అను పేరు పొందెను.

దానికి కోత లేదు, బురద లేదు, నిజమే. కాని సజీవతృణము ఆకులద్వారా నీటిని ఆవిరిచేయుచు తన్ను తాను చల్లబరచుకొనుచుండగా, ఈ నిర్జీవపు పచ్చిక నడియెండలో 60 డిగ్రీలు దాటి కాగి, జారిపడిన పిల్లవాని మోకాలిని కమలజేయగలదు. ఎండలు మెండైన చోట నా మొగ్గు గరికవైపే. ప్లాస్టిక్ పోచల నడుమ చల్లు టైరు రబ్బరు నలుసులు మేజోళ్లలో దూరి ఇంటిదాక వచ్చును. అట్టి నలుసుల విక్రయము 2031 అక్టోబరు నుండి చెల్లదని ఐరోపా సమాఖ్య 2023లోనే శాసించినది.