భూతాపం మీద వాదన ఎక్కడ ముగిసింది, ఎక్కడ మిగిలింది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మన తాతల నాటిది. అందుకే వడగాడ్పుల వార్తలు వచ్చినప్పుడల్లా "ఎండలు ఎప్పుడు లేవు గనక?" అన్న మాట వినబడుతుంది. ఆ మాట అన్నవాళ్లను తీసిపారేయడం తప్పు. వాళ్లు అడుగుతున్నది న్యాయమైన ప్రశ్నే. ఇంకోవైపు తుఫాను వచ్చినా, చెరువు ఎండినా, రోడ్డు కొట్టుకుపోయినా అన్నిటినీ భూతాపం ఖాతాలో రాసేసేవాళ్లున్నారు. ఇద్దరూ రెండు వేరు వేరు ప్రశ్నల్ని ఒక్కటిగా కలిపేస్తున్నారని నాకనిపిస్తుంది. భూమి ఎందుకు వేడెక్కుతోందన్నది ఒకటి. ఆ వేడి ఫలానా చోట, ఫలానా ఏడాది ఏం చేసిందన్నది ఇంకొకటి. మొదటిదానికి గట్టి సాక్ష్యంతో జవాబు దొరికింది. రెండోదానికి మాత్రం చోటుకో జవాబు వెతుక్కోవాలి.

సూర్యకాంతి గాలిని దాటి నేలను చేరుతుంది. వేడెక్కిన నేల ఆ వేడిని కంటికి కనబడని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. గాలిలో ఎక్కువ భాగం ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ ఆ కిరణాలను పోనిస్తాయి. కొద్దిపాటిగా ఉండే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ పట్టి ఉంచుతాయి. ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికా మహిళ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి ఎండలో పెట్టి చూసింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కింది. మూడేళ్లకు లండన్‌లో జాన్ టిండాల్ ఏ వాయువు ఎంత వేడి పడుతుందో కొలిచాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ గాలిలో ఈ వాయువు రెట్టింపైతే భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కుతుందని చేత్తోనే లెక్క కట్టాడు. ఇప్పటి అంచనాలు అంతకంటే తక్కువే చెబుతాయి గానీ, ఆయన చూపిన దిశ తప్పలేదు.

మరి గాలిలో ఆ వాయువు నిజంగా పెరుగుతోందా? 1958లో శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు ప్రతి పది లక్షల భాగాల గాలిలో దాదాపు 315 భాగాలు ఉంది. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాతకాలపు గాలి బుడగలను పరీక్షిస్తే, గత 8 లక్షల ఏళ్లలో అది సుమారు 300కు మించి వెళ్లిన దాఖలా లేదు. ఇంతవరకూ ఎవరికీ పెద్ద పేచీ లేదు. పేచీ ఆ తర్వాతే: పెరిగిందంతా మన పొగ వల్లేనని ఎలా చెబుతారు? అగ్నిపర్వతాలు లేవా, సముద్రాలు లేవా?

సింగరేణి బొగ్గుతో జవాబు చెప్పుకోవచ్చు. అది పాతిక కోట్ల ఏళ్లకు పైబడి భూమిలో పడి ఉన్న అడవి. బతికున్న ప్రతి చెట్టులోనూ కార్బన్-14 అనే రకం కార్బన్ కొద్దిగా ఉంటుంది. చెట్టు చచ్చిపోయాక అది 5,730 ఏళ్లకోసారి సగానికి తగ్గిపోతూ వస్తుంది. యాభై వేల ఏళ్లు దాటితే మిగిలేది దాదాపు శూన్యం. కాబట్టి బొగ్గును, పెట్రోలును కాల్చిన పొగ గాలిలో కలిస్తే గాలిలో కార్బన్-14 వాటా పలచబడాలి. అలా పలచబడుతోందని 1950లలోనే హాన్స్ సూస్ అనే శాస్త్రవేత్త చూపించాడు. తర్వాత అణుబాంబు పరీక్షలు కొత్త కార్బన్-14ను గాలిలోకి వదిలి ఈ లెక్కను కొంతకాలం గందరగోళం చేశాయి.

అయితే రెండో ఆనవాలు ఒకటుంది. మొక్కలు గాలి పీల్చేటప్పుడు బరువైన కార్బన్-13 కంటే తేలికైన కార్బన్-12 వైపు మొగ్గుతాయి. బొగ్గు, చమురు ఒకనాటి జీవులే కనుక వాటిలో కార్బన్-13 తక్కువ. అగ్నిపర్వతాల నుంచి వచ్చే వాయువులో ఆ కొరత అంతగా ఉండదు. ఇప్పుడు గాలిలో కార్బన్-13 వాటా ఏటేటా తగ్గుతోంది. అంటే కొత్తగా చేరుతున్నది మొక్కల నుంచి పుట్టిన కార్బన్. దీనికి తోడు గాలిలో ఆక్సిజన్ కూడా కొలవగలిగినంత తగ్గుతోంది. ఏదైనా మండితే అలా తగ్గుతుంది, అగ్నిపర్వతం వాయువు వదిలినంత మాత్రాన తగ్గదు. సముద్రం వదులుతోందన్న వాదనా నిలవదు. వదిలేదైతే సముద్రంలో కార్బన్ తగ్గాలి. కానీ అది పెరిగి, నీటి ఆమ్లగుణం ఎక్కువవుతోంది. మొత్తంగా చూస్తే అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనం వదిలేదానిలో నూటికి ఒక వంతు కూడా లేదు. ఒక్కో ఆనవాలును విడిగా ప్రశ్నించవచ్చు. అన్నీ కలిసి ఒక్కవైపే వేలు చూపిస్తున్నప్పుడు ఇంకో నిందితుణ్ణి వెతకడం కష్టం.

సూర్యుడి సంగతి? 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి శక్తిని నేరుగా కొలుస్తున్నాయి. పదకొండేళ్లకోసారి అది వెయ్యింట ఒక వంతు అటూ ఇటూ ఊగుతుందే తప్ప పెరుగుతూ పోలేదు. ఇంకో గట్టి పరీక్ష కూడా ఉంది. సూర్యుడే కారణమైతే గాలి పొరలన్నీ వేడెక్కాలి. గాలి కింది పొరే వేడిని పట్టి ఉంచుతుంటే, దుప్పటి కప్పుకున్నప్పటిలా లోపల వేడెక్కి బయట చల్లబడాలి. వాతావరణ శాస్త్రవేత్త స్యుకురో మనాబే 1967లోనే ఈ మాట లెక్కకట్టి చెప్పాడు. తర్వాతి దశాబ్దాల కొలతల్లో కింది పొర వేడెక్కింది, దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ అనే పొర చల్లబడింది. మనాబేకు 2021లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

పాత కాలంలోనూ మంచు యుగాలు వచ్చిపోయాయి, అప్పుడు కార్లున్నాయా అని అడుగుతారు. లేవు. భూమి కక్ష్యలో, వాలులో వేల ఏళ్లకు వచ్చే చిన్న మార్పులు వాటికి మొదటి కారణం. మంచు యుగం ముగిసేటప్పుడు ముందు కాస్త వేడెక్కింది, తర్వాత సముద్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చింది, అది మరింత వేడిని పెంచింది. ఇది దాచాల్సిన సంగతేమీ కాదు. ఈ వాయువుకు ఎంత శక్తి ఉందో చెప్పే సాక్ష్యమది. ఇప్పుడు మాత్రం వరస తిరగబడింది: వాయువే ముందు పెరుగుతోంది.

సందేహం ఉన్నవాళ్లు ఎలా ఉండాలో చూపించిన మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ ఉష్ణోగ్రతల లెక్కలను నమ్మలేదు. నగరాల వేడి కలిసిపోయి లెక్క తప్పిందేమోనని ఆయన అనుమానం. బర్కిలీలో సొంత బృందాన్ని పెట్టుకుని, చమురు వ్యాపారానికి చెందిన సంస్థ నుంచి కూడా నిధులు తీసుకుని, మొత్తం లెక్క మొదటి నుంచీ వేశాడు. వేడెక్కడం నిజమేనని, కారణం దాదాపు పూర్తిగా మనుషులేనని 2012లో బహిరంగంగా రాశాడు. ఇలాంటి సందేహం వల్ల శాస్త్రం బలపడుతుంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ 2021 నివేదిక కూడా అదే తేల్చింది. 1850–1900 సగటుతో పోలిస్తే 2010–19 నాటికి భూమి 1.06 డిగ్రీలు వేడెక్కింది. అందులో మనుషుల వాటాకు మధ్య అంచనా 1.07 డిగ్రీలు. అంటే దాదాపు మొత్తం. వాయువు రెట్టింపైతే ఎన్ని డిగ్రీలన్నదాని మీద ఇంకా చర్చ ఉంది. బహుశా రెండున్నర నుంచి నాలుగు. మేఘాల తీరు అంతుపట్టకపోవడమే ఆ తేడాకు ముఖ్య కారణం.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ జాగ్రత్తగా నడవాలి.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కల్లోనే రెండు వేల దరిదాపుల్లో ఉన్నారు. ఎక్కువమంది ఉపాధి పనులకు, ఇటుక బట్టీలకు, పొలాలకు వెళ్లేవాళ్లు, ముసలివాళ్లు. మరుసటి ఏడాది రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. దీన్ని భూతాపం మీద పెట్టడం సులువు. కానీ 2018లో వెలువడిన ఒక అధ్యయనం ఫలోదీ తరహా పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతలు మన దేశంలో స్పష్టంగా పెరిగినట్టు కొలతల్లో కనబడలేదని చెప్పింది. ప్రపంచమంతా వేడెక్కుతుంటే ఇక్కడెందుకిలా? రెండు అడ్డుతెరలున్నాయని ఆ పరిశోధకులు అన్నారు. ఒకటి పొగమంచులా కమ్ముకునే కాలుష్యం, ఎండను కొంత అడ్డుకుంటుంది. రెండోది సాగునీరు. పొలాల్లోంచి ఆవిరయ్యే నీరు గాలిని చల్లబరుస్తుంది.

ఆ చల్లదనం మనిషికి మేలు చేసేదేనా అంటే, అక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఒంటికి పట్టిన చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉంటే చెమట కారుతుందే గానీ ఆరదు. కోస్తా జిల్లాల్లో ఉక్కపోత అనేది ఇదే. దీన్ని కొలవడానికి థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచుతారు. ఆ గుడ్డ చల్లబడగలిగినంతే మన ఒళ్లూ చల్లబడగలదు. తడిబల్బు 35 డిగ్రీలకు చేరితే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని సిద్ధాంతం. ఇటీవలి పరీక్షలు అంతకంటే తక్కువలోనే ఒళ్లు చేతులెత్తేస్తుందని చూపించాయి. 2015 వేడిని హైదరాబాద్, కరాచీ నగరాలకు సంబంధించి పరిశీలించిన శాస్త్రవేత్తలు ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే కాక తేమతో కలిపి చూశారు. అలా చూసినప్పుడు, ఆ స్థాయి వేడి వచ్చే అవకాశాన్ని మనుషులు తెచ్చిన మార్పు బాగా పెంచిందని తేలింది. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి "ఏమీ మారలేదు" అన్నవాళ్లూ, "అన్నీ మారిపోయాయి" అన్నవాళ్లూ కూలివాడి ఒంటి మీద పడే భారాన్ని వదిలేశారు.

కాలుష్యం అడ్డుతెర అన్నాం కదా. దాని వల్ల లక్షల ప్రాణాలు పోతున్నాయి, తొలగించి తీరాలి. తొలగిన నాడు ఇన్నాళ్లూ దాగిన వేడి బయటికొస్తుంది. ఇందుకు సిద్ధపడాలన్న మాట మన దగ్గర తగినంత గట్టిగా వినబడడం లేదు.

వానల కథ మరీ చిక్కు. ఒక డిగ్రీ పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోయగలదు. కాబట్టి వానలు పెరగాలి. కానీ 1951–2015 మధ్య నైరుతి రుతుపవనాల వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది, అదే కాలంలో మధ్య భారతంలో విస్తారంగా కురిసే కుండపోత వానలు దాదాపు మూడు రెట్లయ్యాయి. అంటే మొత్తం వాన తగ్గి, పడ్డప్పుడు ఒక్కసారే మీద పడుతోంది. ఇందులో కాలుష్యం వాటా ఎంత, హిందూ మహాసముద్రం వేడెక్కడం వాటా ఎంత అన్నది ఇంకా తేలుతోంది.

అతి చేసిన సందర్భాలూ ఉన్నాయి. హిమాలయాల హిమనదాలు 2035కల్లా మాయమవుతాయని 2007 ఐపీసీసీ నివేదికలో ఒక వాక్యం దొర్లింది. దానికి ఆధారం లేదని 2010లో ఆ సంస్థే ఒప్పుకుంది. హిమనదాలు కరుగుతున్న మాట నిజం, ఆ తేదీ అబద్ధం. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి మొత్తం శాస్త్రాన్నే ఎగతాళి చేశారు.

ఇక తీరం కోత సంగతికి, ఉప్పాడకు వద్దాం. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే తీరం రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో, ఎన్నిసార్లు బండరాళ్లు పోశారో అక్కడి జాలరులను, జమదానీ నేత నేసేవాళ్లను అడిగితే చెబుతారు. సముద్ర మట్టం పెరుగుతున్నది నిజమే. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993–2017 మధ్య ఏడాదికి సగటున 3.3 మిల్లీమీటర్లు పెరిగింది. కానీ ఉప్పాడ కోతకు అదొక్కటే కారణం కాదు. ఆనకట్టలు, జలాశయాలు కట్టాక గోదావరి తెచ్చే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే 2000 తర్వాత దాదాపు మూడో వంతుకు పడిపోయింది. కృష్ణ ఒండ్రయితే ఇంకా ఘోరంగా తగ్గింది. తీరాన్ని కట్టి నిలబెట్టేది ఆ మట్టే. దీనికి రేవు కట్టడాలు, హోప్ ఐలాండ్ ఇసుకమేట పెరుగుతూ అలల దారి మళ్లించడం తోడయ్యాయి. ఇదంతా "భూతాపం" అనేస్తే ఒండ్రు లెక్క అడిగేవాడు ఉండడు. ఇళ్లు పోగొట్టుకున్న జాలరికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

బాధ్యత ఎవరిదన్న వాదనకు అంకెలే చాలు. బొగ్గు, చమురు లాంటి ఇంధనాల వల్ల ఇంతవరకూ గాలిలోకి చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావు వంతు అమెరికాది, భారతదేశానిది మూడు నాలుగు శాతం. తలసరిగా ఇప్పటికీ మనది అమెరికావాళ్లదానిలో ఏడో వంతు దరిదాపుల్లో ఉంటుంది.

మన చేతుల్లోనే ఉన్న లెక్క మరొకటుంది. వడదెబ్బ తిన్న మనిషి తరచూ గుండె ఆగో, మూత్రపిండాలు పనిచేయకో చనిపోతాడు. కాగితం మీద "గుండెపోటు" అని రాస్తే ఎండ పేరు ఎక్కడా ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబానికి నాలుగు లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. కానీ ఆ కాగితంలో ఎండ లేకపోతే ఆ కుటుంబానికి రూపాయి రాదు. అహ్మదాబాద్‌లో 2010 మే నెల వేడికి పోయినవారిని పరిశోధకులు ఇంకో దారిలో లెక్కించారు. వైద్యులు రాసిన కారణాలను పక్కనబెట్టి, ఆ నెల మొత్తం మరణాలను మామూలు ఏళ్ల మే నెలతో పోల్చారు. 1,344 మంది ఎక్కువగా పోయినట్టు తేలింది. 2010 నాటి ఆ అనుభవం తర్వాతే 2013లో ఆ నగరం వేసవి వేడికి ప్రత్యేక ప్రణాళిక వేసుకుంది. రోజువారీ మరణాల రిజిస్టర్లు విజయవాడలోనూ ఉన్నాయి, వరంగల్‌లోనూ ఉన్నాయి. వాటిని ఆయా రోజుల ఉష్ణోగ్రత, తేమలతో పక్కపక్కన పెట్టి, వార్డు వార్డుకూ ఏటా ప్రకటించమని మనం అడగవచ్చు.