సిటిజన్ పేరెత్తరెందుకు?

వాచీల పిచ్చి ఉన్నవాళ్ళం నలుగురం కలిస్తే రోలెక్స్, ఒమెగా, సీకో అంటామే తప్ప సిటిజన్ మాటే రాదు. నాకిది అన్యాయంగా తోస్తుంది. మొట్టమొదటి టైటానియం చేతిగడియారం 1970లో వాళ్ళు చేసిందే. 1976లో వెలుతురుతో నడిచే ముళ్ళ క్వార్ట్జ్ వాచీ తెచ్చిందీ వాళ్ళే. 2019లో వచ్చిన కాలిబర్ 0100 అయితే ఏడాది మొత్తానికి ఒక్క సెకను అటూ ఇటూ, అంతే. అదీ బయటి సిగ్నల్ ఏదీ అందుకోకుండా!

మరి చిన్నచూపు దేనికి? స్ప్రింగుతో నడిచేదే అసలు వాచీ అన్న పట్టింపు మనది. రోజుకు పది సెకన్లు తప్పే ఆటోమేటిక్‌ని ముద్దు చేస్తాం, తప్పనిదాన్ని 'క్వార్ట్జే కదా' అని పక్కన పెడతాం. (పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన చుట్టానికే మర్యాదలెక్కువ!) పైగా పేరొకటి. సీకో వాళ్ళు 2017లో గ్రాండ్ సీకోని వేరే బ్రాండుగా విడదీశారు. సిటిజన్ మాత్రం మాల్‌లో డిస్కౌంటుకు దొరికేదానికీ, లక్షలు పలికేదానికీ డయల్ మీద అదే పేరు వేస్తుంది. చూసినవాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది?

తమాషా ఏమిటంటే, మనం మెచ్చుకునే చిన్న చిన్న కంపెనీల వాచీలు చాలావాటిలో ఉండేది మియోటా మూవ్‌మెంటు. మియోటా సిటిజన్ వాళ్ళదే.