జూదం చట్టాలు: అందరిదీ ఒకటే మాట, మరి చిక్కెక్కడ?

2019లో నేను డిగ్రీ చదువుతుండగా మా హాస్టల్లో ఒక మిత్రుడు పరీక్ష ఫీజు కట్టలేకపోయాడు. ఇంటి నుంచి డబ్బు రాక కాదు. వచ్చిన రాత్రే సెల్‌ఫోన్‌లో రమ్మీకి పోయింది. "చెట్టు కింద పేకాడితే పోలీసులు పట్టుకుపోతారు గదా, ఇదెట్లా నడుస్తోంది?" అని మెస్సులో ఎవరో అడిగారు. దానికి జవాబు వెతుకుతూ పోతే తెలిసిన సంగతులివి.

మన రాజ్యాంగం ప్రకారం పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. అంటే ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. మనది 1974 నాటి గేమింగ్ చట్టం. నైపుణ్యంతో ఆడే ఆటలకు అందులో మినహాయింపు ఉండేది. ఇక రమ్మీ సంగతి. సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదనీ, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలనీ, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలనీ, కనుక అది ప్రధానంగా నైపుణ్యమేననీ చెప్పింది. ఆడించేవాడు పందెం మీద లాభం తీస్తే మాత్రం నేరం కావచ్చని కూడా అన్నది. ఫోన్లలో ఆడించినవాళ్ళు మొదటి మాటే పట్టుకున్నారు!

ఆ మినహాయింపును ఆన్‌లైన్ ఆటలకు లేకుండా చేసింది తెలంగాణలో 2017లో టి.ఆర్.ఎస్. ప్రభుత్వం, ఆంధ్రలో 2020లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ప్రభుత్వం. 2021లో తమిళనాట అన్నా డి.ఎం.కె., కర్ణాటకలో బి.జె.పి. అదే దారి పట్టాయి. ఆ రెండు చట్టాలనూ హైకోర్టులు కొట్టేశాయి.

తర్వాత తమిళనాట జరిగింది గమనించదగ్గది. అధికారంలోకొచ్చిన డి.ఎం.కె. "అది వాళ్ళ చట్టం, పోతే పోయింది" అనుకోలేదు. 2022లో విశ్రాంత న్యాయమూర్తి చంద్రు అధ్యక్షతన కమిటీ వేసి, కొత్త బిల్లు తెచ్చింది. గవర్నరు తిప్పి పంపితే 2023 మార్చిలో శాసనసభ దాన్ని మళ్ళీ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ నవంబరులో హైకోర్టు రమ్మీ, పోకర్‌లను మినహాయించి, మిగతా చట్టాన్ని నిలబెట్టింది.

2025 ఆగస్టులో కేంద్రమే చట్టం చేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషిద్ధం. ఆడించినవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు. ఇది మంచి మాట. అయితే బిల్లు 20న లోక్‌సభలో మరో విషయంపై ప్రతిపక్షాల ఆందోళన మధ్య, చర్చ లేకుండానే గట్టెక్కింది. 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. వెంటనే కోర్టుల్లో సవాళ్ళు మొదలయ్యాయి.

చెప్పొచ్చేదేమంటే, జూదం చెడ్డదనడంలో మన పార్టీలకు తేడా లేదు. కొరవడింది కలిసి కూర్చోవడం. బిల్లుని అన్ని పక్షాలూ ఉన్న సంఘానికి పంపితే అప్పులపాలైనవాడి గోడు, కంపెనీల వాదన, న్యాయశాస్త్రంలోని చిక్కు అక్కడే తేలుతాయి. అట్లా తేల్చుకున్న చట్టాన్ని రేపు ప్రభుత్వం మారినా తిరగదోడరు.

మా మిత్రుడి ఫీజు మేమే కట్టాం. ఎప్పుడూ ఎడమొహం పెడమొహంగా ఉండే రెండు విద్యార్థి సంఘాలవాళ్ళూ ఆ రాత్రి ఒకే గదిలో కూర్చున్నారు. ముందు అతను చెప్పింది విన్నారు. ఆ తర్వాతే జేబుల్లో చేతులు పెట్టారు.