తోశాడా, తానే పడ్డాడా?

బంతిని నేలకు తట్టుతూ ఒక ఆటగాడు బుట్టవైపు దూసుకువస్తున్నాడు. ఎదురు నిలిచినవాడు హఠాత్తుగా పెడబొబ్బ పెట్టి వెల్లకిలా పడ్డాడు. స్టేడియమంతా గగ్గోలు. నిర్ణయానికి రిఫరీకున్న వ్యవధి రెప్పపాటు మాత్రమే.

బాస్కెట్‌బాల్‌లో ఈ నటనను ‘ఫ్లాపింగ్’ అంటారు. 1989లో యుగోస్లావియా నుంచి అమెరికాలోని ఎన్.బి.ఏ. పోటీలకు వచ్చిన వ్లాదే దివాట్స్ ఇందులో ఆరితేరినవాడని ప్రసిద్ధి.

అనుభవజ్ఞుడైన రిఫరీ దృష్టి పతనం మీద కాదు, దానికి ముందరి క్షణం మీద ఉంటుంది. అడ్డుకునేవాడు ప్రత్యర్థికి అభిముఖంగా, రెండు పాదాలు నేలనాని, ముందే స్థానం సంపాదించాడా? అలా నిలిచినవాడి ఛాతీని దాడి చేసేవాడు ఢీకొంటే తప్పు దాడి చేసినవాడిదే. అందుకే రిఫరీ బంతి వెంట చూపు పోనీయక రక్షకుణ్ణి గమనిస్తాడు. ఇద్దరి నడుమ ఖాళీ కనబడేలా పక్కకు జరిగి నిలుస్తాడు. ఒకరి వీపు వెనుక నిలిచినవాడికి ప్రతి తాకిడీ ఘోరంగానే తోస్తుంది! ఆపైన దెబ్బకూ పతనానికీ పొంతన చూడాలి. భుజానికి చేయి సోకినంతమాత్రాన తల వెనక్కు విరుచుకుపడదు. తాకకముందే కేక వెలువడితే ఇక విచారణ ఎందుకు?

2012లో ఎన్.బి.ఏ. ఆట ముగిశాక వీడియో చూసి శిక్షించే పద్ధతి తెచ్చింది. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 5,000 డాలర్ల జుర్మానా, ఐదోసారికి 30,000. మరుసటి ఏడాది లెబ్రాన్ జేమ్స్ అంతటివాడికీ 5,000 తప్పలేదు. లక్షల డాలర్లు గడించేవారికి అదొక లెక్కా? పైగా నటనతో మారిన స్కోరు మారినట్టే ఉండిపోయేది. 2023లో మొదలైన సీజన్ నుంచి మైదానంలోనే టెక్నికల్ ఫౌల్ ప్రకటించి, ప్రత్యర్థికి ఒక ఫ్రీ త్రో ఇస్తున్నారు. ఎదుటివారి దాడి చెడకుండా ఈల కాస్త ఆలస్యంగా ఊదే వెసులుబాటు కూడా ఉంది. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నియమాల్లోనైతే సాధారణంగా ముందు హెచ్చరిక, మళ్ళీ చేస్తే టెక్నికల్ ఫౌల్.

చిక్కంతా ఒకచోట ఉంది. నిజంగా దెబ్బ తగిలినవాడు కూడా దాన్ని పెంచి చూపవచ్చు. ఎన్.బి.ఏ. కొత్త నియమం ప్రకారం అప్పుడు కొట్టినవాడికి ఫౌల్, పడినవాడికి నటన నేరం రెండూ ఒకే ఘట్టంలో పడవచ్చు. నటించకుంటే ఈల మోగదని ఆటగాడి భయం. నటిస్తే అసలు దెబ్బనూ నమ్మలేమని రిఫరీ సంకోచం. ఈలోగా బంతి అవతలి బుట్ట చేరుతూనే ఉంటుంది.