మల్కాపురం రాయి చెప్పిన హాస్టల్ కథ

హాస్టల్ అనే మాట కొత్తదే కాని, ఊరి ఆదాయంతో విద్యార్థులకు అన్నం పెట్టి చదువు చెప్పించడం మన తెలుగు నేలకు కొత్త కాదు. ఆ సాక్ష్యం చూడాలని ఈ ఏడు మా ముదినేపల్లి హాస్టల్ విద్యార్థులం గుడివాడ, విజయవాడ మీదుగా కృష్ణ దాటి, వెలగపూడి పక్కనున్న మల్కాపురం వెళ్లాం. అక్కడ చూడవలసింది ఒక శిలాశాసనం.

గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులు కాకతీయ గణపతిదేవునికి గురువు. గణపతిదేవుడు ఆయనకు మందడం గ్రామం ఇస్తానని మాట ఇచ్చాడు. 1261లో రుద్రమదేవి తండ్రి మాట నిలబెట్టి, దానితోపాటు వెలగపూడినీ, కృష్ణ లంకలనూ ధారపోసింది.

శాసనం చాలావరకు సంస్కృతంలో ఉంది. అందుకని పదో తరగతి వాళ్లం ముందే విషయం నేర్చుకుని వేషాలు కట్టాం. విభూతి పెట్టుకుని ఒకరు ఆచార్యులు, మూలికల సంచితో ఒకరు వైద్యుడు, తాటాకుల్లా కత్తిరించిన అట్టలతో ఒకరు కరణం, గరిటెతో ఒకరు వంటవాడు. ఎవరి పని వారే తమ్ముళ్లకు వివరించాం.

కరణం లెక్క చెప్పాడు: ఆదాయం మూడు భాగాలు. ఒకటి దేవాలయానికి, ఒకటి విద్యార్థులకు, శైవ మఠానికి, మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. ఆచార్యులు చెప్పారు: వేదాలకు ముగ్గురు, తర్కం, సాహిత్యం, ఆగమం వంటి వాటికి ఐదుగురు గురువులు. వంటవాడు చెప్పాడు: బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టాల్సిందే.

అప్పుడు ఆరో తరగతి తమ్ముడు ఒకడు అడిగాడు: "అన్నా, అన్నం సరే. మనల్ని పాఠంలో కూర్చోనిచ్చేవారా?"

ఆచార్య వేషంలో ఉన్నవాడు కాసేపు మాట్లాడలేదు. అన్నం దగ్గర చండాలుని మాట శాసనంలో ఉంది. పాఠం దగ్గర ఆ మాట లేదు. 750 ఏళ్ల కిందట అందరికీ ఆకలి తీర్చాలనుకోవడం గొప్పే. కాని చదువు తలుపు మనకు తెరిచింది 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం. దళితుల, గిరిజనుల, బలహీన వర్గాల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పెంచాలని దాని 46వ అధికరణం ప్రభుత్వానికి చెబుతోంది. మన హాస్టళ్లకు ఆధారం అదే.

ఆ రాత్రి మెస్‌లో వరుసగా కూర్చున్నప్పుడు మా ప్లేట్లలో అదే అన్నం, అదే సాంబారు. పక్కనే మా పుస్తకాలు. రెండూ ఉన్నాయి కదా అనిపించింది.

అటు వెళ్లే పూర్వ విద్యార్థులు ఆ రాయి దగ్గర ఒక్కసారి ఆగి చూడండి.